కూర్చోనివ్వని కోకిల

"ఎవతయ్యా గా కోకిల?"

రేడియో కట్టేసి మరీ అడిగింది సారవ్వ. మంచం మీద బోర్లా పడుకున్న కొమురెల్లి ఉలిక్కిపడ్డాడు.

"ఏ కోకిలనే?"

"పక్క క్వార్టరు రాయమల్లుకు చెప్తుంటే గోడ అవతలికెల్లి విన్న. 'కోకిల కూసోనిస్తలేదు, పండనిస్తలేదు, నెల రోజులు పైలంగ చూస్కోవాలె' అన్నవా, లేదా?"

కొమురెల్లికి నవ్వాగలేదు. నవ్వితే నడుము కింద కలుక్కుమంది. "అబ్బా! అది ఆడిది కాదే, నడుం కింది బొక్క. నేను పడితే దెబ్బ తాకిన బొక్క. డాక్టర్ సారే చెప్పిండు."

"బొక్కకు కోకిలని పేరు పెడ్తరా ఎవరన్న? నడువు దవాఖానకు. సారునే అడుగుత."

రిక్షాలో అతను ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే ఆమె మొహం అటు తిప్పుకుంది. తల్లిగారింటికి పోవాలో, ఆ కోకిల కొప్పు పట్టుకోవాలో తేలడం లేదు. కళ్లలో మాత్రం నీళ్లు తిరుగుతున్నాయి.

బొగ్గు గని దవాఖాన డాక్టర్ అచ్యుతరావు గుంటూరు వైపు మనిషి. మాట పుట్టుక చెప్పందే ఆయన చేతికి మందు చీటీ రాయబుద్ధి కాదు. సారవ్వ ప్రశ్న వినగానే ఉత్సాహంగా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నిజమేనమ్మా. వెన్నెముక చిట్టచివరి ఎముక పేరు కాక్సిక్స్. గ్రీకు భాషలో కోకిల అని అర్థం. వెనకటి వైద్యుల కంటికి అది కోకిల ముక్కులా కనబడిందట." వేలు వంచి చూపించాడు. "ఇదొక్కటేనా? కండను మజిల్ అంటాం. అంటే చిట్టెలుక! చెయ్యి బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టు ఉండదూ? చెవి లోపల కాక్లియా ఉంటుంది. అంటే నత్త."

సారవ్వ మొగుణ్ణి కిందా మీదా చూసింది. "ఎలుకలు, నత్తలు, కోకిల... మా ఆయన పెయ్యిల అడివే ఉన్నది గద సారూ!"

ముగ్గురూ ఫక్కున నవ్వారు. సారవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉత్తగనే అనుమానపడ్డ. ఇయ్యాల కోడిని కోస్త తియ్."

లేవబోతూ ఆగింది. "సారూ, జర పైన డ్యూటీ ఇప్పియ్యరాదుండ్రి? బొగ్గుబాయిల జారి పడ్డనన్నడు. మల్ల పడితే ఎట్ల?"

"బొగ్గుబాయిలోనా?"

కొమురెల్లి డాక్టరుకు కళ్లతోనే దండం పెట్టాడు. ఆయన చూసుకోలేదు.

"క్లబ్బులో నాటకం రిహార్సల్ చేస్తుంటే చీర కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకుని పడ్డాడమ్మా. అందులో నా పెళ్లాం మీ ఆయనే!"