ఓక్ చెట్టంత దొరసాని

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఒక్కో మాట కూడబలుక్కుని నెమ్మదిగా రాస్తాను కాబట్టి కథను చిన్నగానే కట్టాను.

“ఆపున్రి, ఆపున్రి!” మహిపాల్ కుర్చీలోంచి లేచాడు. “యాదలక్ష్మమ్మా, అది తిట్టమ్మా. నువ్వేమో జోలపాట పాడుతున్నవ్.”

కొత్తపేట కమ్యూనిటీ హాల్లో అందరూ నవ్వారు. యాదలక్ష్మి కూడా నవ్వబోయి కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద వంగి నేల తుడుస్తున్న శ్రీకళ, చేతిలో గుడ్డ పక్కన పడేసి నడుము పట్టుకుంది.

ఆదివారం ఎల్బీనగర్‌లో మహిళల నాటక పోటీ. దాని కోసం మహిపాల్ ఒక పాత పోలండ్ నాటకాన్ని తెలుగు చేసి, కాలనీ ఆడవాళ్లతో వేయిస్తున్నాడు. పెద్ద వేషాలు రెండే. ఒకరు దొరసాని, ఒకరు ఆమె పనిమనిషి. ఇద్దరికీ ఒకే రకం తెల్లచీర. నగల్లేవు, సింహాసనం లేదు.

“మరి ఎవరు దొరసానో చూసెటోళ్లకు ఎట్ల తెలుస్తది సార్?” అని మొదటిరోజే సుచిత్ర అడిగింది.

“పోలికలతోని తెలుస్తది. నేను చదివిన పాత పోలండ్ నాటకాల్లో దొరను గద్ద అంటరు, ఓక్ చెట్టు అంటరు. అన్నీ ఎత్తు మీద ఉండేటివి. పనోళ్లనేమో కుక్క, పంది, మొద్దు అంటరు. అన్నీ నేల మీదివి. ఎవరిని దేంతోని పోల్చిన్రో వింటే చాలు, ఎవరి స్థానం ఏందో తెలిసిపోతది. అందుకే చీరలు ఒక్కటే పెట్టిన.”

“గా ఓక్ చెట్టు ఎట్లుంటదో మాకేమెరుక?”

“గాలికి వంగకుండ, ఎత్తుగ ఉంటది. గో, యాదలక్ష్మమ్మ నిలబడ్డట్టు.”

నిజంగానే యాదలక్ష్మి పొడగరి. గొంతు కంచు. అందుకే దొరసాని వేషం ఆమెకు దక్కింది. పనిమనిషి వేషం శ్రీకళది. కానీ ఒక్క మాట దగ్గర చిక్కు వచ్చి పడింది. ‘నేను ఓక్ చెట్టును. నువ్వు నా కింద రాలిన కాయలు తినే పందివి’ అని పనిమనిషిని తిట్టాలి. మొదటి సగం గణగణ మోగుతుంది. శ్రీకళ ముఖం కనబడగానే రెండో సగం నీరుగారిపోతుంది.

“సార్, గా వేషం నాకియ్యున్రి,” అంది సుచిత్ర. “నాకు మొత్తం నోటికొచ్చు. శ్రీకళను పంది అనుడంటే నాకు పండగే.”

“రోజూ చేసుకునే పండగే గదా,” అంది శ్రీకళ.

మళ్లీ నవ్వులు. మహిపాల్ మాత్రం నవ్వలేదు. “శనివారం దాక చూస్త యాదలక్ష్మమ్మా. అప్పటికీ రాకుంటే సుచిత్ర చేస్తది. ఏమనుకోకు.”

యాదలక్ష్మి తలూపింది. బుద్ధెరిగాక నలుగురి ముందు ఆమె గొంతెత్తింది ఈ నాటకంలోనే. ఈ వేషం పోతే మళ్లీ ఎవరు పిలిచి ఇస్తారు?

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద, శ్రీకళ మిర్చి బజ్జీల పొట్లం తెచ్చి ముందు యాదలక్ష్మి చేతిలో పెట్టింది.

“నన్ను తిట్టనీకి గంత పరేషానెందుకు పెద్దమ్మా?”

“నీ మొఖం జూస్తే నోరు కట్టేసినట్టయితది బిడ్డా.”

“అయితే నన్ను చూడకు. నీకు బాగ కోపమొచ్చినోళ్లను మనసుల పెట్టుకో. వాళ్లనే అంటున్న అనుకో.”

“నాకెవరి మీద కోపం?”

“ఒక్కరి మీద గూడ లేదా? నిజం చెప్పు.”

యాదలక్ష్మి బజ్జీ కొరికి, కారానికి ఉస్సుమంది. ఆ తర్వాత ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

“ఉన్నది తియ్యి ఒకామె.”

“గదీ! ఎవరు?”

“చెప్ప.”

“చెప్పకు. ఆమెను యాద్ చేస్కొనే తిట్టు.”

“నువ్వేమనుకోవు గదా?”

“నేనెందుకనుకుంట? ఒట్టు.”

శనివారం ఆ మాట ముప్పాతిక దాకా పలికింది. మహిపాల్ గడ్డం గోక్కుని, సుచిత్ర వైపు చూసి, చివరికి “ఆమెనే చెయ్యనీ” అన్నాడు.

ఆదివారం హాలు నిండింది. తెర లేచింది. ఒకే రకం చీరల్లో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు నిలబడి, ఒకరు వంగి. ఆ మాట దగ్గర పడుతుంటే పక్కతెర వెనక మహిపాల్ కళ్లు మూసుకున్నాడు.

యాదలక్ష్మి ముఖం తిప్పుకోలేదు. శ్రీకళ కళ్లల్లోకి సూటిగా చూసింది.

“నేను ఓక్ చెట్టును! నువ్వు నా కింద రాలిన కాయలు తినే పందివి!”

చివరి మాట వెనక గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. శ్రీకళ చేతిలోని గుడ్డ జారింది. అది నాటకంలో లేదు. తర్వాత చప్పట్లు. అందరికంటే ముందు లేచి కొట్టింది సుచిత్రే.

ఉత్తమ నటి బహుమతి యాదలక్ష్మికి ఇస్తూ న్యాయనిర్ణేత మైకులో అన్నాడు: “చీరలు ఒకటే. అయినా వీళ్లలో యజమానురాలు ఎవరో, పనిమనిషి ఎవరో మాకు క్షణం కూడా అనుమానం రాలేదు.”

శ్రీకళ ముందుగా పకపకా నవ్వింది. యాదలక్ష్మి నవ్వు దాచుకోవడానికి తల వంచింది.

బయటికొచ్చాక శ్రీకళ ఆమె సంచి తన భుజానికి తగిలించుకుంది. “ఇప్పుడన్న చెప్పు పెద్దమ్మా. గంత కోపం ఎవరి మీద?”

యాదలక్ష్మి షీల్డును చంకలో సర్దుకుంది. మెట్ల మీద నిటారుగా నిలబడింది. దొరసాని గొంతు ఇంకా దిగలేదు.

“రేపు మీ ఇంట్ల బోళ్లు నువ్వే తోముకో, బిడ్డా!”

— వజ్రమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడుండేది నాగోల్‌లో.