గేటు ముందు చెప్పే మాట

మొయినాబాద్ గుర్రపు స్వారీ బడిలోనూ, పిల్లలాడే అన్ని చోట్లలాగే, గేటుకు మనుషుల గతంలో కాగితాలకెక్కినదంతా తెలుసు. ఏ కోచ్ వచ్చినా పాత కేసులుంటే అందరి ముందే చదువుతుంది. ఏమీ లేకపోతే, "ఈయన గురించి ఎవరైనా చెప్పేదుందా?" అని అడుగుతుంది. లోపలున్నవాళ్లు జీనులు బిగిస్తూనే "లేదు" అంటారు. అప్పుడు తెరుచుకుంటుంది.

గుర్రాల పని చూసే శశిరేఖ పదకొండేళ్లుగా కోచ్ దేవదత్ సార్ వచ్చినప్పుడల్లా "లేదు" అంటూనే ఉంది. చిన్నప్పుడు ఆమె స్వారీ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

గుర్రాన్ని ఎడమవైపు నుంచే ఎక్కాలని మొదటిరోజే నేర్పుతారు. నిన్న పన్నెండేళ్ల ఆద్విక ఎక్కబోతుంటే సార్ చేయి అందించాడు. ఆ పిల్ల చటుక్కున అవతలికి వెళ్లి కుడివైపు నుంచి ఎక్కింది. మొద్దని సార్ నవ్వాడు. శశిరేఖ చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఒకప్పుడు ఆ తప్పు తనూ చేసేది.

ఇవాళ పొద్దున గేటు అడిగింది. అందరూ లేదన్నారు.

"ఉన్నది," అంది శశిరేఖ.

గేటు తెరుచుకోలేదు. సార్ బయటే నిలబడిపోయాడు. ఎప్పటి సంగతని గేటు అడిగింది.

"నాకు పన్నెండేండ్లప్పటిది," అని మొదలుపెట్టి ఆమె అంతా చెప్పింది.

ఆద్విక వచ్చి ఆమె పక్కన నిలబడి చాలాసేపు గుర్రం మెడ నిమిరింది.

"అక్కా," అంది చివరికి, "నేను చేరిన రోజు కూడా నువ్వు లేదనే అన్నావు కదా."