వాక్యం మొదలవగానే

పాటలు అయిపోయాయి. పాస్టర్ బైబిల్ తెరిచాడు.

ఆఖరి వరుసలో అంజన్న లేచాడు.

ప్రతి ఆదివారం ఇదే తంతు! క్రిస్మస్ తర్వాత బహదూర్‌పురాలోని ఆ చిన్న చర్చికి రావడం మొదలుపెట్టాడు ఆ మనిషి. ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో ఎవరూ అడగలేదు. పాటలు పాడతాడు, ప్రార్థన అంశాలు వింటాడు, వాక్యం మొదలవగానే మాయం.

సంఘపెద్ద ఎల్లేష్‌కు ఒళ్లు మండింది. గబగబా వెళ్లి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"యాడికన్నా?"

"జర పనున్నదన్నా. పోనియ్యి."

"దేవుని వాక్యం కంటె పెద్ద పనా?"

"ఒక ముసలమ్మకు నీళ్లు తాపాలె. ఎండ మస్తుగున్నది, దూప అయితుంటది."

"ఎవలింట్ల లేరు ముసలోళ్లు? మా అమ్మ మంచంల లేదా? తాళమేసి రాలేదా నేను? ఆశీర్వాదం అయ్యేదాంక కదలకు. కూసో!"

అంజన్న ఏదో చెప్పబోయాడు. అప్పటికే తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎల్లేష్ మొహంలోకి ఒకసారి చూసి కూర్చున్నాడు.

నిజానికి ఎల్లేష్ ప్రాణమూ ఇంటి దగ్గరే ఉంది. తల్లి సక్కుబాయికి పక్షవాతం. కాలూ చెయ్యీ ఆడవు, మాట రాదు. గాలి తగులుతుందని మంచం కిటికీ పక్కన వేశారు. వారం వారం ప్రార్థన అంశాల్లో ఆయన చెప్పేది అదే, "మా అమ్మ ఇంట్ల ఒక్కతే ఉన్నది, ఆమె కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

పాపం, అందరూ కళ్లు మూసుకుని చేస్తారు.

ఆ రోజు మధ్యలోనే కరెంటు పోయింది. మే నెల. రేకుల కింద చర్చి పొయ్యిలా ఉంది. ఎల్లేష్ ఇంటి కప్పూ రేకులదే. ప్రసంగం మాత్రం ఎంతకీ తెమలదు.

ఆడవాళ్ల వైపు నుంచి భార్య రూప సైగ చేసింది, ఇంటికి పోదామా అని.

ఎల్లేష్ తల అడ్డంగా ఊపాడు. ఇంకొకణ్ణి ఆపి కూర్చోబెట్టి తానెట్లా లేస్తాడు? నలుగురూ నవ్వరూ? ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆశీర్వాదం అయ్యీ కాకముందే అంజన్న బయటికి ఉరికాడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు కూడా వేసుకోలేదు.

"చూసినవా, ఆమెన్ గూడ అనలే," అన్నాడు ఎల్లేష్ రూపతో.

వందనాలు చెప్పేవాళ్లను తప్పించుకుని భార్యాభర్తలిద్దరూ గల్లీలు పట్టుకుని ఇంటికి పరుగెత్తారు.

అప్పుడే బజారు నుంచి వచ్చిన పక్కింటి కాశమ్మ, కూరగాయల సంచి కింద పడేసి వాళ్ల కిటికీ ముందు ఏడుస్తోంది.

ఆమె పక్కన, కిటికీ చువ్వల్లోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, వట్టి కాళ్లతో అంజన్న. చేతిలో చెంచా. నోట్లో పోసిన నీళ్లు సక్కుబాయి మింగడం లేదు. పెదవుల పక్క నుంచి కారిపోతున్నాయి.

"అమ్మా!"

ఎల్లేష్ తాళంచెవి తీశాడు. తాళంలోకి పోదు.

కాశమ్మ వాళ్లవైపు తిరగనే లేదు. అంజన్న భుజం పట్టుకుని ఊపుతూ అడిగింది.

"ఐతారం ఐతారం గీ యాళ్లకు వచ్చి నీళ్లు తాపి పోతుంటివి, ఎల్లేషే నిన్ను పంపుతుండనుకున్న... ఇయ్యాల నిన్ను ఎవలు ఆపిన్రన్నా?"