ఇవాళైనా లేచాయా తల్లీ?

"ఇవాళైనా కణాలు లేచాయా తల్లీ?"

మళ్లీ ఆవిడే. ఎముకల మూలుగ మార్పిడి వార్డు బయట, చెప్పులు విప్పే బల్ల మీద పొద్దున్నే హాజరు.

ముక్కూ మొహం తెలియని పెద్దావిడ. వచ్చిన మొదటిరోజే ఆరా తీసింది.

"మీ ఆయనకు మూలుగ ఎవరిచ్చారమ్మా?"

"ఎవరో పుణ్యాత్ముడట. పేరు చెప్పరు."

"ఎప్పుడెక్కించారు?"

"పోయిన సోమవారం."

అంతే, ఆ రోజు నుంచి ఈమెను పట్టుకుంది. అడిగే నోటికి అలుపు లేదు.

ఈమెకు ఒళ్లు మండేది. అసలే ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని ఉంది. భర్తకు రక్త కేన్సర్. పాత మూలుగను మందులతో చంపేసి కొత్తది ఎక్కించారు.

"తెల్లకణాలు తొందరగా లేస్తే మనిషి దక్కే ఆశ ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ కష్టం" అన్నాడు డాక్టరు.

రోజూ రిపోర్టులో ఒకటే మాట. లేవలేదు.

ఆ ఉదయం మాత్రం నర్సు నవ్వుతూ వచ్చింది.

"లేచాయండీ! బాగా లేచాయి!"

ఈమె గోడకానుకుని భోరుమంది. కళ్లు తుడుచుకుని బయటికొస్తే ఎదురుగా ఆవిడ.

"లేచాయా తల్లీ?"

నరుడి కంటికి నాపరాళ్లు పగులుతాయంటారు. ఇన్నాళ్లకు దక్కిన సంతోషం ఆవిడ కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా?

"లేదండీ. ఇక లేవవన్నారు."

ఆవిడ బల్ల పట్టుకుని కూలబడింది.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. పీడా వదిలిందనుకుంది ఈమె.

భర్తను ఇంటికి పంపే రోజు వచ్చింది. ఈమె మనసు మెత్తబడింది. పాపం, పెద్దావిడతో అబద్ధమాడాను, ఇప్పుడు నిజం చెబితే ఏం పోయింది అనుకుంది. పళ్ల సంచీ పట్టుకుని వాచ్‌మన్ దగ్గరికి వెళ్లింది.

"ఆ పెద్దావిడ కనబడటం లేదేం?"

"పోయిందమ్మా. మాదీ ఆవిడదీ ఒకటే వీధి. చివరిసారి ఇక్కడికొచ్చిన రోజే మంచం పట్టింది. అన్నం ముట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు."

ఈమె సంచీ కింద పెట్టేసింది.

"అయ్యో! ఇంతకీ లోపల ఆవిడ తాలూకు ఎవరున్నారు?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"ఎవరూ లేరమ్మా. ఆ సోమవారం ఇక్కడ మూలుగిచ్చి, ఇంటికెళ్లే దారిలో లారీ గుద్ది పోయిన ఒక్కగానొక్క కొడుకు, మీ ఆయన ఒంట్లోనైనా బతికున్నాడేమోనని అడగడానికొచ్చేది."