లవంగ మహిమ

ఇంట్లో ఇంకోసారి సిగరెట్ కంపు వస్తే పుట్టింటికి వెళ్ళిపోతానని భార్య తెగేసి చెప్పింది. చెప్పిందే గానీ వెళ్ళలేదు. పుట్టింటినే ఇక్కడికి పిలిపించింది.

అత్తగారు ఒక పెట్టె, ఒక డబ్బా పట్టుకుని దిగారు. పెట్టెలో చీరలు, డబ్బా నిండా లవంగాలు.

"మా అమ్మ ముక్కుని మోసం చెయ్యడం ఎవరివల్లా కాదు," అని భార్య మురిసిపోయింది. "ఇల్లంతా కంపు కొడుతుంటే నాన్న 'నేను కాదు మొర్రో' అని ఒట్లు పెట్టేవారు. అమ్మ నమ్మితేగా. పాపం, పోయేదాకా ఆయనది అదే మాట."

పోయిన మామగారి మీద అల్లుడికి అపారమైన గౌరవం కలిగింది. అబద్ధమాడితే అలా ఆడాలి.

అల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో సగంమందికి చూపు సరిచేసిన ఘనుడు. సిగరెట్ మానేశానని భార్యకి రోజూ చెప్పేవాడు. చెప్పడమూ మానలేదు, కాల్చడమూ మానలేదు.

అత్తగారు వచ్చిన పూటనుంచీ వంటిల్లు లవంగాలపాలైంది. అన్నంలో లవంగం, టీలో లవంగం, ఆఖరికి మంచినీళ్ళలో కూడా. పక్కింటావిడకి పన్ను నొప్పంటే దూది మీద లవంగనూనె వేసి ఇచ్చారు. ఎవరైనా తుమ్మితే చాలు, కషాయం పొయ్యెక్కేది. ఆవిడ బుగ్గనైతే ఎప్పుడూ ఒకటి ఉండాల్సిందే. ఇంత వైద్యం తెలిసినా ఆవిడ దగ్గు మాత్రం తగ్గలేదు. ఇంకా ఒంటికి పట్టాలట.

అల్లుడు దుకాణం నుంచి రాగానే గుమ్మంలో ఎదురొచ్చి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేవారు. అతనికి పై ప్రాణాలు పైనే పోయేవి. ఆవిడ అతని చేతిలో లవంగం పెట్టేవారు.

"నమలండి అల్లుడుగారూ. గొంతుకి మంచిది."

కనిపెట్టేశారా? మరి కూతురికి చెప్పరేం? ఈ ఆలోచనతో అతనికి అన్నం సయించడం మానేసింది, అందులో లవంగాలు ఉన్నా సరే.

ఒక సాయంత్రం భార్య బజారుకెళ్ళింది. అత్తగారు కునుకు తీస్తున్నారు. అల్లుడు డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక నక్కి వెలిగించాడు. రెండు దమ్ములు లాగాడో లేదో, మెట్లమీద దగ్గు వినిపించింది.

తిరిగి చూస్తే అత్తగారు. సిగరెట్ వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"మీ కాళ్ళు పట్టుకుంటా అత్తయ్యా, మీ అమ్మాయికి చెప్పకండి. ఇది తెలిస్తే నా మొహం చూడదు. ఒట్టు, ఇదే ఆఖరిది."

ఈసారి నటన కాదు. అతనికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని అబద్ధాలు చెప్పినా, భార్య లేని ఇంటిని అతను ఊహించుకోలేడు.

అత్తగారు డాబా తలుపు గడియ పెట్టారు. పిట్టగోడ మీదనుంచి వీధిలోకి ఒకసారి తొంగిచూశారు. తర్వాత వచ్చి అతని పక్కనే చతికిలబడ్డారు.

"ఆఖరిదైతే సగం నాకుంచండి అల్లుడుగారూ, నేను తెచ్చుకున్నవి మొన్ననే అయిపోయాయి."