కథకు కావలసిన అత్త

నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే చాలా రోజులు పట్టింది. రాసింది కోపంతోనే.

తిరుత్తణిలో ఒక కల్యాణ మండపంలో ఆదికేశవులు కథల పుస్తకం విడుదలైంది.

అందులో మొదటి కథ, కోడలిని బావిలోకి తోసి చంపిన అత్తది. పొదటూరుపేట టీ కొట్లో విన్న సంగతికే ప్రాణం పోశానని ఆయన చెప్పుకున్నాడు. కోడలు బావిలో పడి చచ్చిపోయిందని, అత్తది గయ్యాళి నోరని మాత్రమే విన్నాడట. తోయడం ఆయన కల్పనట.

"అత్త తోయకపోతే కథ నిలబడదు."

చప్పట్లు మోగాయి.

వెనక వరుసలో ఒక ముసలామె లేచింది.

"ఆయమ్మ తోసింది నువ్వు చూసినావా నాయనా?"

"చూడాల్సిన పని లేదమ్మా. అది పాత్ర."

"ఊరి పేరు పెట్టినావే. మగ్గాల వీధి అని కూడా పెట్టినావే. అదీ పాత్రేనా?"

ఆయన నవ్వాడు. "అత్తలకు ఈ కథ గుచ్చుకుంటుందని నాకు ముందే తెలుసు."

సభంతా నవ్వింది.

"నోరు చెడ్డదే. దినామూ తిట్టింది. అది రాసుకో. తోసిందని మాత్రం కొట్టెయ్."

పుస్తకం అచ్చయిపోయిందని, ఇక ఒక్క మాట కూడా మారదని ఆయన విసుక్కున్నాడు. కథంటే తెలియనివాళ్లను ఎవరు రానిచ్చారని నిర్వాహకుల మీద మండిపడ్డాడు.

"నీ కథ నిలబడేదానికి ఒక మనిషిని పడేస్తావా?" అంటుండగానే ఇద్దరు ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిపించారు.

సభ ముగిశాక మరొక ఆడమనిషి రొప్పుతూ వచ్చింది. బస్టాండు గుంపులో వదినా తానూ విడిపోయారట. ఇక్కడికి వచ్చిందా అని అడిగింది.

"ఆ గొడవ చేసిన ముసలామా? ఈపాటికి బస్సెక్కి ఉంటుంది. మీకేమవుతుంది?" అన్నాడు ఆదికేశవులు.

"నా బిడ్డకు అత్త. బావిలో పడి పోయిందే, ఆ బిడ్డకు."

ఆదికేశవులు చేతిలోని పుస్తకం కిందికి దించాడు. పోనీ మీరే చెప్పండమ్మా, ఆమె మీ బిడ్డను... అని నసిగాడు.

"కాలు జారి పడింది సారు నా బిడ్డ. గట్టు మింద అంతమంది చూస్తా నిలబడినారు, ఈత రాకపోయినా దాని వెనకాలే దూకింది మా వదిన ఒక్కతే."

ఆ అత్తను నేనే; నన్ను బయటికి నడిపించాక జరిగింది మా వదిన చెప్పింది. గోవిందమ్మ, అరవై ఏడేండ్లు. ఇప్పుడు ఉండేది కే.జీ.కండిగైలో.