తొందరపెట్టే సూది

“నొప్పుల సూది ఇప్పుడే ఎయ్యి సిస్టరమ్మా, నీ కాళ్లు మొక్కుత,” అంది జంపక్క.

వాగులు పొంగకముందే అడవి గూడేల గర్భిణులను తెచ్చి ఉంచే భద్రాచలం కేంద్రం అది. ఆమె కోడలు కూడా అక్కడే ఉంటోంది.

నర్సు గ్రేస్‌కు కోపం వచ్చింది. “కాన్పును తొందరపెట్టుడు ఏంది పెద్దమ్మా? ఇంకా నెలలే నిండలే. కోడలు లేకుంటే పత్తిచేను పారిపోతదా?”

“పత్తి గాదు తల్లీ.” జంపక్క వెనక్కి చూసి గొంతు తగ్గించింది. “పొద్దున చేన్ల పిడుగు పడ్డది. నా కొడుకు పోయిండు. కడుపుతోటున్నదానికి శవాన్ని చూపియ్యరు మా పెద్దలు. బాలింతయితే దూరం నిలబెట్టన్న మొగని మొకం చూపిస్త. రేపటిదాక ఆపుండ్రని బతిమిలాడి వచ్చిన.”

సూది వేయకూడదని గ్రేస్‌కు తెలుసు. జంపక్క చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

అంతలో కోడలు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

“సూదీ గీదీ వద్దత్తా. ఆదివారం వస్తనన్నడు గదా మీ కొడుకు. గప్పటిదాక బయటికి రావద్దని లోపలున్నోనికి చెప్పిన.”